కొలిమిపాడు పులిపిరి పథకం

కొలిమిపాడు మునిసిపాలిటీకి ఏడాదిలో ఉండేవి రెండే కాలాలు. ఒకటి ఎండాకాలం. రెండోది కమిషనర్ వైకుంఠరావు గారు శిక్షణకు వెళ్ళి తిరిగొచ్చిన కాలం. మొదటిదాన్ని జనం గొడుగులతో, మజ్జిగతో, తడిగుడ్డలతో ఎలాగో గట్టెక్కుతారు. రెండోదానికి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ మందు కనిపెట్టలేదు.

ఒకసారి ఆయన నవ్వు చికిత్స గురించి విని వచ్చారు. ఆ నెలంతా ఇంటిపన్ను కట్టడానికి వచ్చినవాళ్ళు ముందు కౌంటరు దగ్గర పకపకా నవ్వి, ఆ తర్వాతే రసీదు పుచ్చుకోవాల్సి వచ్చింది. ఇంకోసారి నిలబడి పనిచేస్తే మెదడు చురుగ్గా ఉంటుందని విని వచ్చి, ఆఫీసు కుర్చీలన్నీ గోదాములో వేయించారు. తన కుర్చీ ఒక్కటే ఉంచుకున్నారు, తన మెదడు అప్పటికే చురుగ్గా ఉందన్న నమ్మకంతో. ఏ ఉత్సాహమైనా తర్వాతి శిక్షణ వరకే కాబట్టి ఉద్యోగులు దాన్ని జలుబును భరించినట్టు భరించేవాళ్ళు.

ఈ వేసవిలో వచ్చిన ఉత్సాహం మాత్రం నేరుగా ఉప్పుటూరి ఏకాంబరం నెత్తిన పడింది.

ఏకాంబరం జనన మరణాల విభాగంలో గుమాస్తా. ఊళ్ళో ఎవరు పుట్టినా ఎవరు పోయినా ఆయన రాస్తేనే లెక్క. ఆయన బల్లకు పైన ఒక పాత ఫ్యాను తిరుగుతూ ఉండేది. మునిసిపాలిటీ మొత్తంలో చప్పుడు కంటే గాలి ఎక్కువగా ఇచ్చే ఫ్యాను అదొక్కటే. దాని కింద చోటు వదులుకోవడం ఇష్టంలేక ఆయన రెండు ప్రమోషన్లు వదులుకున్నాడు. ఎండంటే ఆయనకు కిటికీ అవతల కనిపించే తెల్లటి వెలుతురే తప్ప ఇంకేమీ కాదు. అంత సుఖంలోనూ ఒక చిన్న బాధ ఉండేది. కుడిచేతి మీద, బొటనవేలి పక్కన మూడు పులిపిర్లు. సున్నం రాశాడు, గుర్రపు వెంట్రుక కట్టాడు, ఎవరో చెబితే ఉల్లిపాయ రుద్దాడు. అవి మాత్రం సొంత ఇల్లు కట్టుకున్నంత ధీమాగా అక్కడే ఉన్నాయి.

వేసవి మొదట్లోనే ఊడ్చే కార్మికురాలు ఒకామె మార్కెట్టు దగ్గర సొమ్మసిల్లి పడిపోయింది. పారిశుధ్య కార్మికుల పెద్దదిక్కు మరియకుమారి అందరినీ వెంటబెట్టుకుని వచ్చి కమిషనర్ గది ముందు బైఠాయించింది. రోడ్ల మీద అక్కడక్కడ పందిళ్ళు వేయండి, నెత్తికి టోపీలివ్వండి, గొంతులోకి కాసిని మజ్జిగ పోయించండి. అంతకుమించి వాళ్ళు ఏమీ అడగలేదు. "విషయం సానుభూతితో పరిశీలనలో ఉంది," అన్నారు కమిషనర్ గారు. ఆ సానుభూతి పట్టలేకనే కాబోలు, మర్నాడే హైదరాబాదులో వేసవి తాప నివారణ మీద జరిగే శిక్షణకు బయల్దేరి వెళ్ళారు.

వేసవి తాప నివారణ హాలులో ఏసీ పనిచెయ్యలేదు. తాపం భరించలేక వైకుంఠరావు గారు పక్క హాల్లోకి వెళ్ళి కూర్చున్నారు. అక్కడ చర్మానికి వచ్చే వైరస్‌ల మీద శాస్త్రవేత్తలు మాట్లాడుకుంటున్నారు. చల్లగా ఉంది కనుక ఆయన శ్రద్ధగా విన్నారు. చర్మంలోని కణానికి ఎండదెబ్బో పొడిగాలి దెబ్బో తగిలితే అది నీరసించి చచ్చిపోవాలట. పులిపిరి వైరస్ దూరిన కణం మాత్రం అలా చావదట. వైరస్ దాన్ని చావనివ్వదట, దెబ్బలన్నీ తట్టుకునేటట్టు నిలబెడుతుందట. అది ఎందుకలా చేస్తుందో మాట్లాడుతున్న శాస్త్రవేత్త తర్వాత చెప్పింది గానీ, అప్పటికి సమోసాలు వచ్చేశాయి.

తిరిగొచ్చిన రోజే ఆయన మీటింగు పెట్టారు.

"పరంధామయ్యా, ఎండ నుంచి రక్షణ ఎక్కడుంది?" అని మేనేజరు పరంధామయ్యను అడిగారు.

"తమరి చల్లని చూపులో ఉంది సార్," అన్నాడు పరంధామయ్య. ఆయన మేనేజరు అయింది ఇలాంటి జవాబులతోనే.

"అది సరే. సైన్స్ పరంగా చెప్పండి. పందిరి వేశామనుకోండి, గాలికి పోతుంది. టోపీ ఇచ్చామనుకోండి, ఇంటికి పోతుంది. మజ్జిగ పోశామనుకోండి, అది ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. మరి పోనిది ఏమిటి?"

ఇంజినీరు ఒకాయన "కుక్కల బెడద" అనబోయి ఆగిపోయాడు.

"పులిపిరి!" అన్నారు కమిషనర్ గారు. "ప్రకృతి ఉచితంగా ఇచ్చిన కవచం. అది ఉన్నవాణ్ణి నీడలో కూర్చోబెట్టి, లేనివాణ్ణి ఎండలో తిప్పుతున్నాం. ఇదీ మన మానవ వనరుల నిర్వహణ! మన దగ్గర పులిపిరులు గలవారు ఎందరో గుర్తించండి. ప్రయోగం ఫలిస్తే పందిళ్ళ ఫైలు శాశ్వతంగా మూసేయొచ్చు."

మర్నాడు సిబ్బంది చేతులూ మెడలూ తనిఖీ చేస్తారన్న కబురు ఆ సాయంత్రానికే ఆఫీసంతా పాకింది. పన్నుల విభాగంలో ఒకాయన మంగలి దగ్గరికి పరుగెత్తి మెడ మీదున్న దాన్ని కోయించుకున్నాడు. ఇంజినీరుకు చెంప మీద శనగగింజంత ఉంది. అది పుట్టుమచ్చేనని గెజిటెడ్ అధికారి దగ్గర ధ్రువీకరణ తెచ్చుకున్నాడు. గెజిటెడ్ అధికారి కూడా ఆయనే. ఫ్యాను గాలి సుఖంలో ఏకాంబరానికి మాత్రం ఈ కబురేదీ చెవికెక్కలేదు. తనిఖీకి వచ్చిన పరంధామయ్య "పులిపిర్లేమన్నా ఉన్నాయా?" అని అడగ్గానే, ఉచిత వైద్య శిబిరం అనుకుని మహా సంబరపడ్డాడు.

"మూడండీ," అంటూ చెయ్యి దీపం కిందకు జరిపి మరీ చూపించాడు. "ఈ పెద్దది మొండిదండీ. దీన్ని కాస్త జాగ్రత్తగా చూడమనండి."

జాగ్రత్తగానే చూశారు. ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వచ్చింది.

'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, శ్రీ ఉప్పుటూరి ఏకాంబరం గారు మూడు పులిపిరులు కలిగియున్నందున వారిని సహజ రక్షిత సిబ్బందిగా ప్రకటించడమైనది. వారు రేపటి నుండి ఎండ తీవ్రంగా ఉండు వేళల యందు గడియారం సెంటరులో విధులు నిర్వర్తించవలెను. గొడుగు, టోపీ, తడి రుమాలు మొదలగు కృత్రిమ సాధనములు వాడరాదు. వాడినచో సహజ రక్షణ పట్ల అవిశ్వాసముగా భావించబడును.'

ఏకాంబరం ఉత్తర్వు పట్టుకుని కమిషనర్ గదిలోకి వెళ్ళాడు.

"సార్, అక్కడ నా డ్యూటీ ఏందండీ?"

"నిలబడటం."

"నిలబడి?"

"తట్టుకోవడం," అన్నారు వైకుంఠరావు గారు. "అదృష్టవంతులయ్యా మీరు. నా ఒంటి మీద ఒక్కటి కూడా లేదు. లేకపోతే నేనే వెళ్ళి నిలబడేవాణ్ణి."

మొదటిరోజు గడియారం సెంటరులో ఏకాంబరం ఎండను మొట్టమొదటిసారి నిజంగా చూశాడు. నెత్తి మీద పెనం బోర్లించినట్టుంది. చెప్పుల్లోంచి తారు వేడి పాదాలకు ఎక్కుతోంది. చొక్కా తడిసి ఆరి ఉప్పుకట్టింది. ఏడుపొచ్చింది గానీ అంతమంది మధ్య ఏడవడానికి సిగ్గేసింది. దారినపోయేవాళ్ళు ఏదో విగ్రహానికి స్థలం చూడ్డానికి వచ్చిన అధికారేమో అనుకుని పక్కకు తప్పుకుని పోతున్నారు.

చీపురు పట్టుకుని రోడ్డు ఊడుస్తున్న మరియకుమారి దగ్గరికొచ్చి కాసేపు ఎగాదిగా చూసింది.

"సారూ, మీకో దణ్ణం. మీరు తొందరగా పడిపోండి," అంది.

"అదేం మాటమ్మా?" అన్నాడు ఏకాంబరం నొచ్చుకుని.

"చెడ్డగా అనుకోబాకండి. మీరు పడితే ఈ పులిపిరి యవ్వారం ఉత్తదని తేలిద్ది. మాకు పందిళ్ళొస్తయ్యి. మీరు గట్టిగా నిలబడ్డారనుకో, ఇంక మా పని అయిపోయినట్టే. మీ ఒంటి మీదుంది సారూ మా నీడంతా."

ఏకాంబరానికి అప్పుడు తెలిసివచ్చింది, తను ఒక్కడే నిలబడలేదని. చుట్టూ చూశాడు. కాలవలో పూడిక తీస్తున్నవాళ్ళు, చెత్తబండి తోస్తున్నవాళ్ళు, కొంగు నెత్తిన వేసుకుని ఊడుస్తున్న ఆడవాళ్ళు. వీళ్ళ పిల్లల పుట్టుకలన్నీ తను రాసినవే. వీళ్ళు ఇంత ఎండలో ఉంటారని మాత్రం ఏనాడూ పట్టించుకోలేదు. మనసులో చివుక్కుమంది. పడిపోదామనే అనుకున్నాడు గానీ, అనుమతి లేకుండా పడిపోతే క్రమశిక్షణా చర్య ఉంటుందని పరంధామయ్య ముందే హెచ్చరించి వెళ్ళాడు.

సాయంత్రం ఇంటికి చేరిన మొగుణ్ణి చూసి భార్య నాంచారమ్మ గుండె బాదుకుంది. మొహం మాడిన అట్టులా ఉంది. "ఆ ముదనష్టపు పులిపిర్లు ఉంటేనేగా ఈ బాధ! పీకించేస్తే పోలా?" అని, మర్నాడు పొద్దున్నే రెక్క పట్టుకుని మునిసిపల్ ఆసుపత్రికి లాక్కుపోయింది.

డాక్టర్ షాహీన చర్మ వైద్యురాలు. సంగతంతా విని ముందు నవ్వింది. ఏకాంబరం మొహం చూసి నవ్వు ఆపేసింది.

"చూడండి ఏకాంబరం గారూ, పులిపిరి వైరస్ తన కణాన్ని కాపాడుకుంటుందన్న మాట నిజమే. అయితే అది మీ మీద ప్రేమతో కాదు. ఆ కణం దానికి కాపురమున్న ఇల్లు. ఇల్లు కూలితే తన సంసారం వీధిన పడుతుంది. అందుకని ఆ గోడ పడకుండా చూసుకుంటుంది. మీ నెత్తితో, మీ గుండెతో దానికి పనేముంది? మీరు ఎండకు పడిపోతే అది చెయ్యి అడ్డం పెట్టదు."

"ఈ ముక్క మా సారుకు ఎవరైనా చెబితే బాగుండునమ్మా," అన్నాడు ఏకాంబరం.

"చెబుతాను. ముందు వీటిని కాల్చిపారేద్దాం, కూర్చోండి," అని ఆమె పరికరం చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే పరంధామయ్య రొప్పుకుంటూ లోపలికి వచ్చాడు. చేతిలో నోటీసు.

"ఆగండి డాక్టరుగారూ! సదరు పులిపిరులు ప్రస్తుతం పథకం కింద ఉన్నాయి. అంటే మునిసిపల్ ఆస్తి. నిరభ్యంతర పత్రం లేకుండా వాటి జోలికి వెళ్ళరాదు."

"అది ఆయన చెయ్యేనండీ!" అని అరిచింది నాంచారమ్మ.

"చెయ్యి ఆయనదేనమ్మా. దాన్ని ఎవరూ కాదనలేదు. పైన ఉన్నవి మావి."

షాహీన కోపం దిగమింగుకుని, ఉన్న విషయమంతా వివరంగా రాసి కమిషనర్ గారికి పంపింది. జవాబు ఆ రోజే వచ్చింది. 'వైద్యాధికారి వారి అభిప్రాయము నమోదు చేయబడినది. అభిప్రాయము వేరు, పథకము వేరు అని తెలియజేయడమైనది.'

పథకం పేరు జిల్లా దాకా పాకింది. పందిళ్ళ ఖర్చు లేకుండా ఎండను జయించిన మునిసిపాలిటీని చూద్దామని పెద్దలు బయల్దేరారు. వాళ్ళ కోసం పెట్టిన ప్రదర్శన రోజున గడియారం సెంటరులో బ్రహ్మాండమైన షామియానా వేశారు. దాని కింద కూలర్లు, మెత్తటి కుర్చీలు, అల్లం కొత్తిమీర దట్టించిన మజ్జిగ. ఇవన్నీ పులిపిర్లు లేని అతిథుల కోసం. షామియానా ముందు ఎండలో సున్నంతో ఒక గుండ్రటి గీత గీసి, అందులో ఏకాంబరాన్ని నిలబెట్టారు. కుడిచెయ్యి అందరికీ కనబడేలా ఎత్తిపట్టుకోమన్నారు. దూరంగా మరియకుమారీ, తోటి కార్మికులూ చీపుళ్ళు పట్టుకుని నిలబడ్డారు.

కమిషనర్ గారు మైకు అందుకున్నారు. సూర్యుడి పుట్టుక దగ్గర మొదలుపెట్టి, భూమి చల్లబడటం, జీవం పుట్టడం మీదుగా మునిసిపల్ చట్టం దాకా వచ్చారు. ఏకాంబరం ఎత్తిన చెయ్యి కిందికి జారసాగింది. నాలుక పిడచకట్టింది. షామియానా ఒకసారి దగ్గరికొచ్చింది, ఒకసారి దూరం పోయింది. నాంచారమ్మ "చాలించండయ్యా, మనిషి పోయేటట్టున్నాడు!" అని కేకపెట్టింది. కమిషనర్ గారు ఆ కేకను హర్షధ్వానంగా స్వీకరించి ప్రసంగం కొనసాగించారు. "మిత్రులారా, ఇతణ్ణి చూడండి. ఇతనికి ఎండ ఒక లెక్కలోది కాదు..."

ఏకాంబరం మొదలు నరికిన అరటిచెట్టులా కూలిపోయాడు.

షామియానా కింద అందరూ లేచి నిలబడ్డారు. మరియకుమారి పరుగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకుంది. పడితే బాగుండునని తను అన్నమాట గుర్తొచ్చి ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. షాహీన నాడి పట్టుకుంది. వైకుంఠరావు గారూ పరుగునే వచ్చారు. వచ్చి, ఏకాంబరం కుడిచెయ్యి అందుకున్నారు. పరంధామయ్య అందించిన భూతద్దంలోంచి బొటనవేలి పక్కన ఎంతోసేపు పరిశీలించారు. ఆయన మొహం విప్పారింది.

"చెక్కుచెదరలేదు!" అన్నారు మైకులో. "పులిపిరులు క్షేమం! మూడింటికి మూడూ క్షేమం!"

పెద్దలు చప్పట్లు కొట్టారు. నివేదికలో పరంధామయ్య ఇలా రాశాడు: 'ప్రయోగము సంపూర్ణముగా విజయవంతమైనది. తీవ్రమైన ఎండలో సైతము పులిపిరులు ఎట్టి ఇబ్బందికి లోనుకాలేదు. వాటిని మోయుచున్న ఉద్యోగి మధ్యలో నేలపై విశ్రమించినప్పటికీ, అది పథకము పరిధిలోకి రాదు.' పందిళ్ళ ఫైలు ఆ సాయంత్రమే మూసేశారు.

ఆసుపత్రిలో ఏకాంబరానికి రెండు సెలైన్లు ఎక్కాక గానీ తెలివి రాలేదు. వచ్చేసరికి మంచం పక్కన కమిషనర్ గారు ఆయన చేతి మీద పూలగుత్తి పెట్టి ఫొటో తీయించుకుంటున్నారు. సోమవారం నుంచి మళ్ళీ డ్యూటీకి రావాలని కూడా సెలవిచ్చారు. నాంచారమ్మ నోరు తెరవబోతుంటే షాహీన ఆపింది. సైన్సు చెప్పి చూసింది, పని జరగలేదు. ఈసారి ఆయనకు తెలిసిన భాషలో మాట్లాడదామనుకుంది.

"సార్, చిన్న సాంకేతిక సమస్య ఉందండీ. ఏకాంబరం గారు పోతే పులిపిర్లు కూడా పోతాయి."

వైకుంఠరావు గారు ఉలిక్కిపడ్డారు. "రెండూ అనుసంధానమై ఉన్నాయా?"

"పూర్తిగా ఉన్నాయండీ."

"ఆస్తి నష్టమన్నమాట!"

"అవునండీ. ఆడిట్ అభ్యంతరం కూడా రావచ్చు."

ఆ మాటకు ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. "ఇంత ముఖ్యమైన సంగతి ముందే చెప్పాలి కదమ్మా!" అని అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. పులిపిరుల పరిరక్షణ నిమిత్తం సదరు ఉద్యోగిని తక్షణమే నీడకు మార్చవలెను. ఫ్యానుకు తోడు కూలరు ఏర్పాటు చేయవలెను. వేళకు మజ్జిగ అందించవలెను. పులిపిరులు గల సిబ్బంది ఇంకెవరైనా ఉన్నచో వారికి కూడా ఇవే సదుపాయములు వర్తించును.

ఏకాంబరం మళ్ళీ తన బల్ల దగ్గరికి చేరాడు. పైన ఫ్యాను, పక్కన కూలరు, ఎదురుగా స్టీలు గ్లాసులో మజ్జిగ. ఇంత వైభోగం ఆయన కలలో కూడా ఎరగడు. కానీ ఆ మజ్జిగ గ్లాసును ఆయన పక్కకు జరిపాడు. కిటికీలోంచి కనబడేది ఇప్పుడు ఉత్త తెల్లటి వెలుతురు కాదు. లేచి కమిషనర్ గదికి వెళ్ళాడు.

"సార్, బయట వాళ్ళక్కూడా కాస్త పందిళ్ళు..."

"వాళ్ళకు పులిపిరులు ఉన్నాయా?"

"లేవండీ."

"మరి దేన్ని కాపాడమంటారు?" అన్నారు వైకుంఠరావు గారు ఎంతో ఓపిగ్గా.

ఏకాంబరం తలొంచుకుని తన విభాగానికి తిరిగొచ్చేసరికి అక్కడ సందడిగా ఉంది. బల్ల ముందు మరియకుమారి. ఆమె వెనక వరండా దాటి, మెట్లు దిగి, గేటు దాకా కార్మికులు వరస కట్టి ఉన్నారు. పుట్టుకలు రాయించుకోవడానికి ఇంతమంది ఒక్కసారి రారే అని ఆయన కంగారుపడ్డాడు.

"ఏందమ్మా ఇదంతా?"

"డాక్టరమ్మని అడిగొచ్చా సారూ, పులిపిర్లు ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంటయ్యా అని. రాసుకుంటే అంటుకోవచ్చంది. ఎందుకడిగావని గూడా అంది. చెప్పలా." ఆమె చేతి తొడుగు ఊడదీసి బొడ్లో దోపుకుంది. అరచేయి చీపురు రాపిడికి అక్కడక్కడ చీరుకుపోయి ఉంది. "ఏదీ, మీ చెయ్యి ఇట్టా ఇయ్యండి."

"రోగమమ్మా ఇది! కోరి తెచ్చుకుంటారా ఎవరైనా?"

"రోగమైతే ఏంది సారూ, నీడొచ్చిద్దిగా. మనుషులమని అడిగితే ఇయ్యలా. ఇట్టాగన్నా ఇస్తారేమో చూద్దాం."

ఏకాంబరం ఆ వరసను చివరిదాకా చూశాడు. ఎవరూ నవ్వడం లేదు. ఆయన కుర్చీలోంచి లేచి బల్ల ఇవతలికి వచ్చాడు. ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారిగా ఊడ్చే మనిషి చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

"గట్టిగా రుద్దండి సారూ," అంది మరియకుమారి.